సహోద్యోగి ధర్మము

మొన్న మార్చి చివరి వారమున మేమొక బ్యాంకు శాఖకు పోయియుంటిమి. వరుస గుమ్మము దాటి వీధిలోనికి వచ్చియుండెను. బల్ల వెనుక కూర్చున్న నడివయస్సు గుమాస్తా ఒక నోట్లకట్టను మూడుమారులు లెక్కించి, మూడుమారులును లెక్క తప్పి, నాలుగవమారు మొదలిడెను. వరుసలోని పెద్దమనిషి యొకడు "జీతము తీసికొనుట లేదా యేమయ్యా?" అని కేకవేసెను. గుమాస్తా తలయెత్తలేదు, చేతులు మాత్రము వణకినవి. అంతట ప్రక్కబల్లయొద్ద నున్న వృద్ధ క్యాషియరు లేచి, "ఇటు రండి బాబూ, నేను చూస్తాను" అని వరుసను తనవైపునకు త్రిప్పుకొని, గుమాస్తాతో మెల్లగా "నీ పెట్టెకి తాళం వేసి, అలా బయటికి వెళ్లి కాస్త కాఫీ తాగి రా నాయనా. పది నిమిషాలు నేను చూసుకుంటాను" అనెను. అతడు లేచిపోయెను. తిరిగివచ్చునప్పటికి ముఖము కడుగుకొనియుండెను. కట్టను ఒక్కమారే లెక్కించెను, లెక్క సరిపోయెను.

ఆ పది నిముషములను గూర్చియే నేడు వ్రాయదలచితిమి. జీతములను గూర్చి, బదిలీలను గూర్చి, సమ్మెలను గూర్చి పత్రికలలో తరచుగా చర్చ జరుగుచున్నది. తనతోడ పనిచేయువాడు కన్నులయెదుట కుంగిపోవుచున్నప్పుడు తోటివారి విధి యేమియను ప్రశ్న మాత్రము చర్చకు వచ్చుట యరుదు. అది వాని యింటి గొడవయనియో, వాని మనోదౌర్బల్యమనియో త్రోసివేయుట ఆచారమైనది. ఈ యాచారము తప్పని మా నిశ్చితాభిప్రాయము. తోటివాని కుంగుబాటు ఆ కార్యాలయమున కంతకును చెందిన విషయము. దానియెడ మొదటి బాధ్యత ప్రక్కన కూర్చున్నవానిది; చివరి బాధ్యత యాజమాన్యముది. ఈ రెండు మాటలను కలిపి పట్టుకొననిచో రెండును చెడును.

బ్యాంకునే యుదాహరణముగా గైకొనుటకు కారణము కలదు. పట్టణవాసులలో ఆ బల్లకు ఈవల నిలువనివారు లేరు. ఆవల నేమి జరుగుచున్నదో యోచించినవారు కొలదిమంది. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటింపబడినది. పాతనోట్లను ఖాతాలలో వేసికొనుటకు డిసెంబరు 30 వరకు గడువు. ఆ యేడు వారములును దేశములోని కోపమంతయు, భయమంతయు బ్యాంకు గుమాస్తా ముఖముమీదనే వచ్చి పడినది. నిర్ణయము చేసినవాడతడు కాడు. నోట్లు అచ్చువేయువాడును కాడు. అయినను తిట్లు తినవలసినవాడతడే యయ్యెను.

పిమ్మట విలీనములు. 1941లో నిజాము రాజ్యమున పుట్టిన హైదరాబాదు బ్యాంకు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకు ఆఫ్ ఇండియాలో కలిసిపోయెను. 1923లో బందరున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసెను. 2017 తొలినాళ్లలో 27గా నున్న ప్రభుత్వరంగ బ్యాంకులు 2020 ఏప్రిల్ నాటికి 12 అయినవి. ఈ విలీనములు మంచివా చెడ్డవా యనునది నేటి మా ప్రసంగము కాదు. బోర్డు ఒక్క రాత్రిలో మార్చవచ్చును. బోర్డు క్రింద ముప్పదియేండ్లు ఒక పద్ధతికి అలవడిన చేతులను ఒక్క రాత్రిలో మార్చలేము. క్రొత్త యంత్రపద్ధతి, క్రొత్త అధికారులు, క్రొత్త నియమములు. ఎదుట మాత్రము అదే వరుస.

దీనికి దినదినపు భయములు తోడు. సాయంకాలము పెట్టెలో సొమ్ము తక్కువ వచ్చినచో క్యాషియరే కట్టుకొనవలెను. అప్పు మంజూరు చేసిన అధికారి, ఆ అప్పు వసూలు కానిచో, ఏండ్ల తరువాతనైనను సంజాయిషీ చెప్పుకొనవలెను. ఖాతా తెరువవచ్చిన రైతుచేత బీమా కట్టింపుమని పైనుండి ఒత్తిడి. కట్టించినచో "మాకు వలదన్న దానిని అంటగట్టితివి" అని రైతు నిష్ఠూరము. ఇట్లు ఇరువైపుల నలుగు మనిషి ఇంటికి పోయి నిద్రపోలేకపోయిన ఆశ్చర్యమేమి? బ్యాంకును గూర్చి చెప్పినది బస్సు డిపోకును, ఆసుపత్రికిని, తాసిల్దారు కచేరికిని, హైదరాబాదులో రాత్రులు మేలుకొను కంప్యూటరు ఉద్యోగికిని కొలది మార్పులతో అన్వయించును.

ఇది సోమరితనమా, రోగమా యని కొందరడుగుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణ పదునొకండవ కూర్పును ఆమోదించినప్పుడు ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానమే యొసగినది. పనిచోటున ఎడతెగక యుండి చక్కబడని ఒత్తిడివలన కలుగు బడలికకు మూడు గుర్తులు చెప్పిరి: సత్తువ ఉడిగిపోవుట, చేయు పనియెడ మనస్సు విరిగి దూరమగుట, పనిలో సామర్థ్యము తగ్గుట. దీనిని వ్యాధిగా గాక, వృత్తికి సంబంధించిన స్థితిగా పేర్కొనిరి. ఈ భేదము చిన్నది కాదు. మూలము మనిషిలోనే యున్నదని నిందింపక, వాడు చేయు పనిలో, ఆ పని నడుపబడు తీరులో వెదకవలెనని దాని భావము.

లెక్కలలో నమ్మకముగలవారికి లెక్కలును కలవు. దిగులు, ఆందోళన కారణముగా లోకమున ఏటేట 1,200 కోట్ల పనిదినములు నష్టమగుచున్నవని అదే సంస్థ 2022లో తెలిపినది. వారమునకు 55 గంటలు, అంతకు మించి పనిచేయుటవలన 2016వ సంవత్సరమున పక్షవాతముతోను గుండెజబ్బుతోను 7,45,000 మంది మరణించిరని ఆ సంస్థయు అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021లో ప్రకటించినవి. ఇట్టి కాలమున, 2025లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కర్మాగారములందును, తెలంగాణ ప్రభుత్వము వాణిజ్య సంస్థలందును దినమునకు 10 గంటల పనికి ద్వారము తెరచినవి. వారమునకు 48 గంటలను మేర యుంచితిమని రెండును చెప్పినవి. ఆ మేర కాగితముమీద నిలుచుట వేరు, కార్యాలయమున నిలుచుట వేరు.

తోటివాడు కుంగుచున్నాడని ఎట్లు తెలియును? వాడు చెప్పడు. మనవారిలో కడుపునొప్పి చెప్పుకొనుటకు సిగ్గులేదు; మనసునొప్పి చెప్పుకొనుటకు సిగ్గు. కనుక చూచువాడే చూడవలెను. నలుగురితో కూర్చుండి క్యారియరు విప్పువాడు ఒంటరిగా తినుచున్నాడు, లేదా తినుటయే మానినాడు. వేళకు వచ్చువాడు ఆలస్యముగా వచ్చుచున్నాడు. నెమ్మదిగలవాడు చిన్నమాటకు మండిపడుచున్నాడు. వేయిమారులు చేసిన పనిలో తప్పులు దొర్లుచున్నవి. ఇవి తేలికగా కనబడు గుర్తులు. మరియొక గుర్తు కలదు. దానిని మనము సద్గుణమని పొరబడుదుము. ఆ మనిషి సెలవు పెట్టడు, రాత్రి దీపమార్పువరకు ఇంటికి పోడు, ఎవ్వరే పని చెప్పినను కాదనడు. "మెత్తనివానిని చూచిన మొత్తబుద్ధి" యని సామెత. కార్యాలయములలో బరువంతయు ఇట్టివానిమీదికే జారును. అందరికంటె ముందు విరుగువాడును తరచుగా వీడే.

అట్టివానియెడ తోటివారు రెండు విధముల ప్రవర్తింపవచ్చును. రెండింటికిని మన భారతమున ఇద్దరు సారథులు నిదర్శనము. శల్యుడు కర్ణునికి సారథియయ్యెను. రథము చక్కగానే తోలెను. కాని యుద్ధరంగమున కర్ణుని పక్కనుండి వాని బలమును ఎగతాళి చేయుచు, హంసతో పోటీపడిన కాకి కథ చెప్పుచు, వాని తేజమును చంపెను. రథచక్రము నేలలో క్రుంగిన వేళ దానినెత్తుటకు కర్ణుడే దిగవలసివచ్చెను. శల్యసారథ్యమను మాట మన నుడికారములో నేటికిని నిలిచియుండుటకు కారణము, ఆ సారథులు నేటికిని ఉండుటయే. "వీడికి చేతకాదు", "మేము ఇంతకంటె ఎక్కువ మోసితిమి", "ఈ కాలపు పిల్లలకు ఓర్పు లేదు" అను మాటలు ప్రతి కార్యాలయమున వినబడుచున్నవి. వీరు పని చెడగొట్టరు. మనిషిని చెడగొట్టుదురు.

రెండవ సారథి కృష్ణుడు. అర్జునునకు అవయవములు సడలి, నోరెండి, గాండీవము చేజారి, నిలువలేక రథముమీద కూలబడినాడు. నేటి వైద్యుడు వినినను ఆ లక్షణములను పోల్చుకొనగలడు. అర్జునుడు తన దిగులంతయు వెళ్లగ్రక్కునంతవరకు కృష్ణుడు నడుమ అడ్డు పలుకలేదు. పిమ్మట మందలించెను, బోధించెను. కాని పగ్గములు విడువలేదు, రథము దిగిపోలేదు. లోకములో మహాపరాక్రమవంతుడని పేరువడ్డవాడు కూలబడినప్పుడు అది అవమానమని మన పూర్వులు దాచలేదు, గ్రంథారంభముననే చెప్పిరి. మనము మాత్రము దాచుచున్నాము.

ఇక చేయవలసినదేమి? మొదటిది, అడుగుట. నలుగురియెదుట గాక ఒంటరిగా, తేనీటి వేళనో ఇంటికి పోవు దారిలోనో అడుగవలెను. "ఏమైనది నీకు?" అను ప్రశ్నలో నేరము మోపినట్లుండును. "ఈ నడుమ సరిగా తినుట లేదు, నాకు కనబడుచున్నది" అనిన ప్రేమ కనబడును. రెండవది, వినుట. చెప్పుచున్నప్పుడు మన కష్టముల చిట్టా విప్పరాదు. ఉపాయములు కుప్పలుగా పోయరాదు. వేకువనే లెమ్మనియు, యోగాసనములు వేయుమనియు, గుడికి పొమ్మనియు చెప్పువారి యుద్దేశము మంచిదే; కాని బావిలో పడినవానికి ఈత పాఠము చెప్పిన ఫలమేమి? మూడవది, పేరుపెట్టి ఒక పని పంచుకొనుట. "ఏదైనను కావలసిన చెప్పుము" అను మాట మర్యాదయే గాని సహాయము కాదు. కుంగినవానికి అడుగు శక్తి యుండదు. "ఈ పింఛను కాగితములు నేను చూచెదను, నీవు రేపు సెలవు పెట్టుము" అనుట సహాయము. నాలుగవది, నోరు కట్టుకొనుట. నమ్మి చెప్పిన మాట మధ్యాహ్నమునకు భోజనపు గదిలో తిరిగినచో ఆ మనిషి మరల ఎవ్వరికిని నోరు విప్పడు. గోరుచుట్టుమీద రోకటిపోటన నదియే.

ఇందు ఒక మేర గలదు, దానిని దాటరాదు. బ్యాంకులో ఒకడు నమోదు చేసినది మరియొకడు సరిచూచి ఆమోదించును. ఈ ఏర్పాటు పరస్పర విశ్వాసమునకును పరస్పర రక్షణకును ఏర్పడినది. "పాపము, వాడు అలసియున్నాడు" అని తన పాస్‌వర్డును వానికిచ్చుటయు, చూడకయే ఆమోదించుటయు, వాని లెక్కతప్పును దాచుటయు దయ కాదు. ఇద్దరిని ఒకే గోతిలోనికి దింపు మార్గమది. తప్పు దొర్లినప్పుడు వానితోకూడ మేనేజరు గదికి నడిచి, "ఇట్లు జరిగినది, ఇందుచేత జరిగినది" అని ప్రక్కన నిలిచి చెప్పుట నిజమైన స్నేహము. ఆ వృద్ధ క్యాషియరు చెప్పిన మొదటి మాట జ్ఞాపకము చేసికొనుడు: నీ పెట్టెకు తాళము వేయుము. నియమమును విడువలేదు, మనిషిని విడువలేదు.

కొన్నిచోట్ల కాఫీయు పలకరింపును చాలవు. "నేను లేకున్న నందరకును హాయి" యనుటయు, ఆప్తవస్తువులను ఇచ్చివేయుటయు, అందరియొద్ద వీడ్కోలు తీసికొన్నట్లు మాటాడుటయు అపాయసూచనలు. అప్పుడు సంకోచింపక సూటిగానే అడుగవలెను. అడిగినందున లేని తలంపు పుట్టదు. వానిని ఒంటరిగా విడువరాదు. ఇంటివారికి, వైద్యునికి తెలుపవలెను. నమ్మి చెప్పిన మాటను దాచవలెనన్న నియమము ప్రాణముకంటె పెద్దది కాదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము టెలి మానస్ అను ఉచిత సహాయమును ఆరంభించినది; 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను ఫోను చేయవచ్చును, తెలుగున మాటాడవచ్చును. ఈ సంఖ్యను ప్రతి పఠనమందిరపు గోడమీదను వ్రాయింపవలసినదిగా నిర్వాహకులను కోరుచున్నాము. చట్టమును మారినది. 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రాణము తీసికొనయత్నించినవానిని, వేరుగా రుజువైనగాని, తీవ్రమైన ఒత్తిడిలో నున్నవానిగానే భావింపవలెననినది; వానికి చికిత్సయు సంరక్షణయు కల్పించుట ప్రభుత్వవిధి యనినది. శరీరరోగములకు వలెనే మనోరోగములకును బీమా వర్తింపవలెననినది. చట్టము ఇంత దూరము వచ్చియుండ, మనము ఇంకను "పిచ్చి" యను ఒక్క మాటతో నోరు మూయించుట సిగ్గుచేటు.

ఇక నొక యాక్షేపణ. "ఎవరి బరువు వారికే చాలదా? మేమిట్లు పంచుకొనుచు పోయినచో, పదిమంది చేయవలసిన పనిని ఆరుగురిచేత చేయించు యాజమాన్యమునకు మేలు చేసినవారము కామా?" అని వివేకులు కొందరు మాతో ననిరి. ఈ యాక్షేపణలో సత్యము కలదు. ఒకని లోటును మరియొకడు నిత్యము పూడ్చుచున్నచో లోటు పైవారికి కనబడదు. కొన్నాళ్లకు పూడ్చువాడును కూలును. కనుకనే సానుభూతి మొదటి మెట్టు మాత్రమే యంటిమి. కాడికి కట్టిన జోడెడ్లలో ఒకటి తూలినప్పుడు రెండవది ఒక క్షణము బరువు మోయును. ఆ క్షణములో బండి నిలిపి బరువు దింపుట బండివాని పని.

ఆ బండిని నిలుపుమని చెప్పుటకు ఒక్కని కంఠము చాలదు. 1918 ఏప్రిల్‌లో చెన్నపట్టణమున మద్రాసు లేబరు యూనియను ఏర్పడినప్పుడు, మధ్యాహ్నము అన్నము తినుటకు ఇచ్చు విరామము చాలదనునది కూలీల మొరలలో నొకటి. మిత్రుని పళ్లెములోని అన్నము సగము మిగిలియుండగనే గంట మ్రోగుటను చూచినవారు, మొదట జాలిపడియుందురు. పిమ్మట సంఘముగా కూడిరి. మరుసటి సంవత్సరమే, 1919లో, దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలను ఒడంబడికను అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒడంబడికగా చేసినది. జాలి సంఘమైనది, సంఘము నియమమైనది. నేటి కార్యాలయములలోను ఇదే త్రోవ. ఎవరిమీద ఎంత పని పడుచున్నది, ఎన్ని స్థానములు ఖాళీగా నున్నవి, ఎవరు ఎన్ని నెలలుగా సెలవెరుగరు అనునది కాగితముమీద వ్రాసి, నలుగురు కలిసి అధికారికి ఇయ్యవలెను. కుంగినవాని పేరు అందుండ నక్కరలేదు; పని లెక్కయే మాటాడును.

యాజమాన్యములకును ఒక మాట. 2021 జూలైలో రిజర్వు బ్యాంకు ఒక ఆజ్ఞ చేసినది. బ్యాంకులలో సున్నితమైన స్థానములందున్న ఉద్యోగులను ఏటేట వరుసగా 10 పనిదినములకు తక్కువ కాకుండ, ముందుగా తెలుపకయే సెలవుమీద పంపవలెనని. ఎందుకు? వారు లేనప్పుడు మోసమేదైన నున్న బయటపడునని. మంచి నియమమే. సొమ్ము భద్రముగా నుండుటకు మనిషి కొన్నాళ్లు బల్లను విడువవలెనని గ్రహించినవారు, మనిషి భద్రముగా నుండుటకును అట్లే విడువవలెనని గ్రహింపలేరా? ఖజానాకు ఉన్నపాటి విలువ ఖజానా కాచువానికి లేదా? సెలవు అడిగినవానిని అనుమానముతో చూచు పద్ధతి మాని, సెలవు అడుగనివానిని ఆందోళనతో చూచు పద్ధతి రావలెనని మా కోరిక.

తుదకు మనమాట. బల్లకు ఈవల నిలుచున్న మనము ఈ వ్యవహారములో ప్రేక్షకులము కాము. ఆనాడు కేక వేసిన పెద్దమనిషి దుర్మార్గుడు కాడు. ఎండలో నిలిచి అలసినాడు. పింఛను సొమ్ముతో మందులు కొనవలసియుండెనేమో. అలసినవాడు అలసినవానిమీద కేకవేసెను. ఇరువురి యలసటకును కారకులైనవారు ఆ గదిలో లేరు. మన కోపమును చేరవలసిన చోటికి, వ్రాతమూలముగా, పేరు పెట్టి పంపుదము. చేతికందినవాని ముఖముమీద వేయకుందము. ఇది చదువుకొన్న పట్టణవాసులనుండి ఎవరైనను ఆశింపదగిన కనీసమర్యాద.

చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట మనకు బాగుగా తెలిసిన విద్య. ఉద్యోగి కూలిన పిమ్మట సంతాపసభ చేయుదుము, పటమునకు దండ వేయుదుము, "ఎంతటి పనిమంతుడు" అని కొనియాడుదుము. ఆ మాటలో సగము బ్రదికియుండగా చెప్పియున్న, ఆ సభకు పట్టిన గంటలో ఆరవవంతు వాని ప్రక్కన కూర్చుండియున్న, దండ అక్కరలేకపోయెడిదేమో. ఆ వృద్ధ క్యాషియరు ఇచ్చినది అంతే: గంటలో ఆరవవంతు. రేపు ఉదయము పాఠకులు తమ తమ పనిచోట్లకు పోయినప్పుడు ఒక్కమారు ప్రక్కబల్లవైపు తలత్రిప్పి చూతురుగాకయని ప్రార్థించుచున్నాము.